ఒడిశా సరిహద్దు సేవాసంస్థలకు రాయితీ టెక్నాలజీ, ఉచిత సాఫ్ట్‌వేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం చుట్టుపక్కల తెలుగువాళ్లు నడుపుతున్న చిన్న సొసైటీలు, ట్రస్టులు చాలా ఉన్నాయి. రక్తదానం చేయించేవాళ్లు, సాయంత్రం బడి నడిపేవాళ్లు, వృద్ధాశ్రమం చూసుకునేవాళ్లు. అలాంటి సంస్థలకు కంప్యూటర్ పనుల్లో కొన్నేళ్లుగా చేదోడుగా ఉంటున్నాను. ఫోనులో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మా సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. అయినా ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ అన్నీ కాదు. ఇక్కడ రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి, కంపెనీలు సేవాసంస్థలకు ధర తగ్గించి, లేదా పూర్తిగా మాఫీ చేసి ఇచ్చేది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెండోది, ఎవరైనా ఎవర్నీ అడగకుండా వాడుకునే, పంచుకునే, మార్చుకునే సాఫ్ట్‌వేర్. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ 'ఫ్రీ' అనే ఒక్క మాటే ఉండటంతో జనం తికమకపడతారు. మన భాషలో ఆ బాధ లేదు. ఒకటి ఉచితం, ఇంకొకటి స్వేచ్ఛ. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న సంస్థ పేరే 'స్వేచ్ఛ'. ఉచితంగా ఇచ్చినవాడు రేపు ఆపేయొచ్చు. స్వేచ్ఛగా ఉన్నదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కింద జవాబులన్నిట్లోనూ ఈ తేడా మనసులో పెట్టుకోండి.

రాయితీకి ఏ కాగితాలు కావాలి?

సొసైటీ అయితే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ట్రస్టు అయితే ట్రస్టు డీడ్, కంపెనీ చట్టం 8వ సెక్షన్ కింద పెట్టిన సంస్థ అయితే దాని సర్టిఫికెట్. వాటితోపాటు సంస్థ పేరుమీద పాన్ కార్డు, ఆదాయ పన్ను శాఖ ఇచ్చిన 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) ఉత్తర్వులు. నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో నమోదై నంబరు తీసుకుంటే ఇంకా మంచిది. అది ఉచితం, ప్రభుత్వ గ్రాంట్లకు కూడా అదే నంబరు అడుగుతారు. 12ఏబీ, 80జీలకు గడువు ఉంటుంది. పాత 12ఏ కాగితం చూపించి 'మాది శాశ్వతం కదా' అనే పెద్దలున్నారు. 2021 తర్వాత ఆ లెక్క మారిపోయింది, అందరూ మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది.

మన ప్రాంతంలో అసలు చిక్కు కాగితం లేకపోవడం కాదు, కాగితాల్లో పేర్లు కలవకపోవడం. రిజిస్ట్రేషన్‌లో ఊరు పర్లాకిమిడి అని ఉంటుంది, పాన్‌లో పారలఖెముండి అని ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో మూడో రకం స్పెల్లింగు. సంస్థ పేరు ఒకచోట తెలుగు పలుకుబడిలో, ఇంకోచోట ఒడియా పలుకుబడిలో. 'సేవా'కి చివర ఒక అక్షరం ఎక్కువ, 'సంఘం'కి బదులు 'సంఘ'. అవతల పరిశీలించే మనిషి ఎక్కడో దూరదేశంలో కూర్చుంటాడు. ఆ రెండూ ఒకే ఊరని ఆయనకు తెలియదు.

నేను చేసిన మొదటి దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది ఇందుకే. మా అధ్యక్షుడు పెద్దాయన, "ఏటి బాబూ, మళ్లీ కుదరనేదా?" అని అడిగితే నాకు తలెత్తబుద్ధి కాలేదు. చివరికి పాన్‌లో పేరు సరిచేయించి, రిజిస్ట్రేషన్‌లో ఉన్న అక్షరాలనే దరఖాస్తులో పొల్లు పోకుండా రాస్తే పనైంది. కాబట్టి ఏ వెబ్‌సైటూ తెరవకముందే కాగితాలన్నీ నేలమీద పరిచి, సంస్థ పేరును అక్షరం అక్షరం పోల్చి చూడండి. కాగితాలు ఒడియాలో ఉంటే ఇంగ్లిష్ అనువాదం ఒకటి చేయించి, స్కాన్ చేసి సిద్ధంగా ఉంచుకోండి.

మా సొసైటీ పార్వతీపురంలో రిజిస్టరైంది. పని మాత్రం రాయగడ జిల్లా పల్లెల్లో. అడ్డమా?

అడ్డం కాదు. ఆంధ్రాలో సొసైటీలు 2001 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టరవుతాయి, ఒడిశాలో 1860 నాటి కేంద్ర చట్టం కింద. కంపెనీలకు కావాల్సింది భారతదేశంలో చట్టబద్ధమైన లాభాపేక్ష లేని సంస్థ కావడం. రాష్ట్రం ఏదైనా పరవాలేదు. దరఖాస్తులో చిరునామా మాత్రం రిజిస్ట్రేషన్‌లో ఉన్నదే ఇవ్వండి. పనిచేసే ఊరి చిరునామా ఇస్తే మళ్లీ పై కథే.

గూగుల్ ఏమిస్తుంది?

'గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్' భారతదేశంలో ఉంది. ఆమోదం వస్తే సంస్థ సొంత డొమైన్ (నెట్‌లో సంస్థ పేరుమీద తీసుకునే చిరునామా) పేరుతో ఈమెయిళ్లు, డ్రైవ్, డాక్స్, షీట్స్, మీట్ అన్నీ పైసా లేకుండా వస్తాయి. సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్ల నిల్వ. మన సంస్థలు ఏళ్ల తరబడి తీసిన ఫొటోలన్నీ పెట్టినా ఒక మూలకు రాదు. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, బడులు, కాలేజీలు ఇందులోకి రావు. బడులకు వేరే పథకం ఉంది.

గూగుల్ వెతుకులాటలో ప్రకటనలకు నెలకు 10,000 డాలర్ల విలువైన గ్రాంటు కూడా ఇస్తారు. వినగానే కళ్లు తిరుగుతాయి. అది డబ్బు కాదు, చేతికి రాదు. ప్రకటన చూసినవారిలో 5 శాతమైనా దానిమీద నొక్కాలన్న నియమం ఉంది, మంచి వెబ్‌సైటు ఉండాలి, నెలనెలా ఎవరో ఒకరు దానిమీద కూర్చోవాలి. గుణుపురంలో 12 మందితో నడిచే సంస్థకు దీని జోలికి పోవద్దనే చెబుతాను. దేశమంతటి నుంచీ దాతలను వెతుక్కునే సంస్థ అయితే మాత్రం తప్పక తీసుకోండి.

మైక్రోసాఫ్ట్ 10 మందికి మొత్తం ఆఫీస్ ఉచితంగా ఇస్తుందని విన్నాం. నిజమేనా?

ఒకప్పుడు నిజం. బిజినెస్ ప్రీమియం అనే పెద్ద ప్యాకేజీని సేవాసంస్థలకు 10 మంది వరకు ఉచితంగా ఇచ్చేవారు. 2025 జులై 1 తర్వాత రెన్యువల్ వచ్చిన ప్రతి సంస్థకూ అది ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చేది బిజినెస్ బేసిక్, 300 మంది వరకు. దాంట్లో ఈమెయిల్, టీమ్స్, ఒక్కొక్కరికి ఒక టెరాబైట్ నిల్వ ఉంటాయి. వర్డ్, ఎక్సెల్ బ్రౌజరులో, ఫోనులో పనిచేస్తాయి. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకునే వర్డ్ అందులో ఉండదు. అది కావాలంటే రాయితీ ధరకు కొనాలి.

నెట్ పోతే బ్రౌజరులోని వర్డ్ చేతికి రాదు. వర్షాకాలంలో కాశీపురం, చంద్రపురం వైపు పనిచేసేవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పైన ఉచితానికీ స్వేచ్ఛకూ తేడా అన్నది ఇందుకే. ఇచ్చిన కంపెనీ తప్పు చేసిందని కాదు, ఇచ్చినవారికి మార్చుకునే హక్కు ఉంది. ఆ రోజు వస్తే మన దగ్గర ప్రత్యామ్నాయం ఉందా అన్నదే ప్రశ్న.

మరి రెంటిలో ఏది తీసుకోమంటారు?

మీ వాలంటీర్లు ఇప్పటికే ఫోనులో జీమెయిల్ వాడుతుంటే గూగుల్. మీకు నిధులిచ్చే సంస్థ ఎక్సెల్ ఫైళ్లే కావాలని పట్టుబడుతుంటే, జీతంమీద పనిచేసే ఒక కంప్యూటర్ మనిషి ఉంటే మైక్రోసాఫ్ట్. రెండూ తీసుకుని సగం ఫైళ్లు అక్కడ, సగం ఇక్కడ పెట్టుకోవద్దు.

టెక్‌సూప్ అంటే ఏమిటి?

అమెరికాలో 1987లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ. చాలా కంపెనీల రాయితీలను ఒకచోట చేర్చి, సంస్థల కాగితాలు పరిశీలించి అందిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా కొన్నింటికి పరిశీలన రుసుము ఉంటుంది. కట్టేముందు ఆ రుసుము ఎంతో చూసుకోండి. బయటి దేశం వెబ్‌సైటుకు డబ్బు కట్టాలంటే మీ కార్డుమీద అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. కొత్త కార్డుల్లో అది మూసే వస్తుంది.

పోస్టర్లకు, మీటింగులకు?

పోస్టర్లు తయారుచేసుకునే కాన్వా సేవాసంస్థలకు పూర్తి వెర్షన్‌ను 50 మంది వరకు ఉచితంగా ఇస్తుంది. దాంట్లో తెలుగు, ఒడియా రెండు లిపులూ రాయొచ్చు. రక్తదాన శిబిరం పోస్టరు అరగంటలో అయిపోతుంది. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు మీటింగు ఆగిపోతుంది. కమిటీ మీటింగులకు జిట్సీ చాలు. మీటింగు పెట్టేవారొక్కరు లాగిన్ అయితే మిగతావాళ్లు లింకు నొక్కి వచ్చేస్తారు.

మా కంప్యూటర్లు పాతవి. విండోస్ 10కి కాలం చెల్లిందంటున్నారు. పారేయాలా?

వద్దు. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే చిప్పు, ఇంకా కొత్త ప్రాసెసర్ కావాలి. దాతలు ఇచ్చిన పాత డెస్క్‌టాపుల్లో చాలావాటిలో అవి ఉండవు. అంతమాత్రాన అవి చెత్త కాదు.

విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేయండి. 4 జీబీ ర్యామ్ ఉంటే, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం హాయిగా నడుస్తుంది. పాత హార్డ్ డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే మిషన్ కొత్తదానిలా లేస్తుంది. కొత్త కంప్యూటరు కొనే డబ్బులో ఇది చిన్న ముక్క. మన దేశపుదే కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. వేసేముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, లోపల ఉన్నదేదీ చెరగదు. ప్రింటరు పనిచేస్తుందో లేదో అప్పుడే చూసుకోండి. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ప్రింటర్లే.

ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. మెనూలు తెలుగులో, ఒడియాలో కూడా పెట్టుకోవచ్చు. నెట్ అక్కర్లేదు, లైసెన్సు గడువు లేదు. వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, పట్టికలు కొంచెం అటూ ఇటూ కదులుతాయి. బయటికి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే ఆ గొడవ ఉండదు.

బజారులో 300 రూపాయలకు విండోస్, ఆఫీస్ వేసిస్తున్నారు. మేం చేసేది సేవే కదా?

సేవే, అందుకే వద్దంటున్నాను. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడటం కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద నేరం. 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా రాసి ఉంది. లాభం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు వేయకపోవచ్చు, జరిమానాకు మాత్రం అవకాశం ఉంది. పైగా అలాంటి కాపీలతో వైరస్ వస్తుంది. మనమీద నమ్మకంతో ఆధార్ జెరాక్సులిచ్చిన పేదవాళ్ల వివరాలు ఆ కంప్యూటర్లోనే ఉంటాయి.

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయడం ఒడియాలోనే వచ్చు. రికార్డులు ఏ లిపిలో పెట్టాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే ఇది మన ప్రాంతపు ప్రశ్న. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆఫీసులో ఇంగ్లిష్. తాత తెలుగు పేపరు చదువుతాడు, మనవరాలు తెలుగులో గలగలా మాట్లాడుతుంది కానీ 'అ' గుర్తుపట్టదు.

ముందు ఒక పని చేయండి: లిపి ఏదైనా యూనికోడ్‌లోనే (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తుపట్టే ప్రామాణిక అక్షర పద్ధతి) టైపు చేయించండి. డీటీపీ సెంటర్లలో తెలుగు అనూ ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో చేసిచ్చే అలవాటు ఇంకా ఉంది. ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. పేరు వెతకలేం, అక్షరక్రమంలో పెట్టలేం, అనువాదం చేయలేం. ఏళ్ల తరబడి కూడబెట్టిన దాతల జాబితా మొత్తం అలాంటి ఫైళ్లలో చిక్కుకుపోయిన ఒక సంస్థకు మళ్లీ చేత్తో కొట్టించాల్సి వచ్చింది. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. డబ్బు ఇచ్చేముందు 'యూనికోడ్‌లో కావాలి' అని ఒక్క మాట అనండి.

ఫోనులో జీబోర్డు అనే గూగుల్ కీబోర్డు రెండు లిపులకూ పనికొస్తుంది. నోటితో చెబితే రాస్తుంది కూడా. తెలుగులో మాట్లాడగలిగి రాయలేని పిల్లలకు ఇది నిజంగా వరం. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన భాషిణిలో తెలుగు నుంచి ఒడియాకు, ఒడియా నుంచి తెలుగుకు అనువాదం వస్తుంది. కరపత్రం ముసాయిదాకు చాలు. మందుల మోతాదు, తేదీలు, డబ్బు లెక్కలున్న చోట మాత్రం రెండు భాషలూ వచ్చిన మనిషి చదివి తీరాలి.

రికార్డుల్లో నా పద్ధతి ఇది: లబ్ధిదారు పేరుకు మూడు గళ్లు. ఆధార్‌లో ఉన్న ఇంగ్లిష్ స్పెల్లింగు ఒకదాంట్లో, ఒడియా ఒకదాంట్లో, తెలుగు ఒకదాంట్లో. శ్రమే. కానీ బ్లాకు ఆఫీసుకు పంపే జాబితా, ఇంటి పెద్దకు ఇచ్చే రసీదు రెండూ ఒకే పట్టిక నుంచి వస్తాయి.

తెలుగు ఫాంట్లకు కొదవ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నవన్నీ స్వేచ్ఛా లైసెన్సువే, అచ్చుకూ వాడుకోవచ్చు. వాటిలో 'గిడుగు' అనే శీర్షికల ఫాంటు ఒకటుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆ ఊరి గ్రంథాలయ సంఘం ఆహ్వానపత్రం ఆయన పేరున్న అక్షరాల్లో వేయించినరోజు మా అందరికీ ఎంత సంతోషమైందో చెప్పలేను.

సవర, కువి భాషల్లో ఏమైనా ఉందా?

కొంత ఉంది. సవరకు మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అయితే ఊరివాళ్లు ఏ లిపి చదువుతారో ముందు కనుక్కోండి. సవరను ఆంధ్రా వైపు తెలుగు లిపిలో, ఇటువైపు ఒడియా లిపిలో రాసేవాళ్లూ ఉన్నారు. కువి మాట్లాడే పల్లెల్లో రాత కంటే గొంతు నయం. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, వాట్సాప్‌లో పంపితే కరపత్రం కంటే బాగా పనిచేసింది.

సిగ్నల్ లేని ఊళ్లలో సర్వే ఎలా?

ఫోనులో సర్వే ఫారాలు నింపే కోబోటూల్‌బాక్స్ వాడండి. హార్వర్డ్ హ్యూమానిటేరియన్ ఇనిషియేటివ్‌లో పుట్టింది. సేవాసంస్థలకు ఉచిత ఖాతా ఉంది, నెలకు ఇన్ని ఫారాలు అని పరిమితి ఉంటుంది కానీ మన స్థాయికి సరిపోతుంది. ఫారం ఫోనులోకి దించుకుంటే నెట్ లేకుండానే నింపొచ్చు. ఫొటో, జీపీఎస్ కూడా పడతాయి. బజారుకు తిరిగొచ్చి సిగ్నల్ తగిలాక పంపితే సరి. ఒకే ఫారానికి ప్రశ్నలు తెలుగులో, ఒడియాలో పెట్టొచ్చు. సర్వే చేసే అమ్మాయి తనకు వచ్చిన భాష ఎంచుకుంటుంది, జవాబులన్నీ ఒకే పట్టికలో పడతాయి.

అక్కరలేని ప్రశ్న అడగొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, పిల్ల ఆధార్ ఫొటోను 60 మంది ఉన్న గ్రూపులో పెట్టడం తప్పు.

లెక్కలకు ట్యాలీ కొనాలా?

మీ ఆడిటరును అడిగి చేయండి, ఆయన ఏది చదవగలిగితే అది. కొనలేకపోతే గ్నూఖాతా అనే మన దేశపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. సంస్థను లాభాపేక్ష లేనిదిగా నమోదు చేస్తే లాభనష్టాల ఖాతాకు బదులు ఆదాయ వ్యయాల ఖాతా వస్తుంది. ట్యాలీ ఎడ్యుకేషన్ మోడ్‌తో బండి లాగించాలని చూడొద్దు. అందులో నెలలో కొన్ని తేదీలే నమోదవుతాయి, లెక్కలు అబద్ధమైపోతాయి. నెలకు 30 వోచర్లు దాటని సంస్థకు లిబ్రేఆఫీస్ పట్టిక, ఒక క్యాష్‌బుక్కు చాలు.

విదేశీ కంపెనీ రాయితీ తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అడ్డొస్తుందా?

ధర తగ్గించి అమ్మిన లైసెన్సు వేరు, విదేశం నుంచి దానంగా వచ్చిన డబ్బు లేదా వస్తువు వేరు. విదేశంలో ఉన్న బంధువు, అక్కడి సంస్థ తరఫున సొసైటీకి ల్యాప్‌టాప్‌లు పంపుతానంటే ఆగండి. ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం విదేశీ విరాళం అంటే డబ్బే కాదు, వస్తువులు కూడా. ఆడిటరుతో మాట్లాడాకే సరేననండి.

వాలంటీరు బాబు ఉద్యోగానికి విశాఖ వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్‌లన్నీ ఆయన దగ్గరే. ఏం చేయాలి?

మొదట ఆయనకు ఫోను చేసి మర్యాదగా అడగండి. ఇందులో ఎక్కువసార్లు దొంగబుద్ధి ఉండదు. పాపం, సొంత జీమెయిల్‌తో, సొంత నంబరుతో అన్నీ తెరిచి ఉంటాడు, ఆ నంబరు ఇప్పుడు వాడట్లేదు. ఓటీపీ ఎక్కడికో పోతుంది. ఇలా ఒక సంస్థ తన ఫేస్‌బుక్ పేజీని, డొమైన్ పేరును కూడా పోగొట్టుకోవడం కళ్లారా చూశాను. డొమైన్ పోతే దానిమీది ఈమెయిళ్లన్నీ పోయినట్టే.

ఇకముందు ఇలా చేయండి. సంస్థ పేరుమీద ఒక సిమ్ కొని, ఆఫీసు బీరువాలో ఉండే చిన్న ఫోనులో వేయండి, రీఛార్జి మరవొద్దు. ప్రతి ఖాతాకూ అడ్మిన్‌లు ఇద్దరుండాలి, ఒకరు కార్యదర్శి అయితే బాగు. డొమైన్ రసీదు సంస్థ పేరుమీద ఉండాలి. పాస్‌వర్డ్‌లకు బిట్‌వార్డెన్ గానీ, నెట్ అక్కర్లేని కీపాస్ఎక్స్‌సీ గానీ వాడండి, రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. తాళం తీసే అసలు పాస్‌వర్డ్ కాగితంమీద రాసి, కవరులో పెట్టి, మినిట్స్ పుస్తకంతోపాటు దాచండి. కమిటీ మారినరోజే అడ్మిన్‌లూ మారాలని తీర్మానం రాయించండి.

మాలో ఒకరికి చూపు లేదు. కంప్యూటర్ పని ఇవ్వగలమా?

తప్పకుండా. విండోస్‌లో తెరమీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు మిత్రులు మొదలుపెట్టారు. తెలుగు, ఒడియా రెండూ చదువుతుంది. ఇక్కడా యూనికోడ్ తప్పనిసరి, అనూ ఫాంటు ఫైలును అది చదవలేదు.

సాయంత్రం బడిలో నెట్ లేదు. పిల్లలకు ఏం పెట్టొచ్చు?

కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు, ఒడియా వికీపీడియాలు మొత్తం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నెట్ లేకుండా చదవొచ్చు. పాఠాలకు కోలిబ్రి. ఒక కంప్యూటర్లో వేస్తే చుట్టూ ఉన్న ఫోన్లకు వైఫైలో అందుతుంది. కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్. తెలుగు కథ పక్కన అదే కథ ఒడియాలో దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసి అచ్చు వేయించుకోవచ్చు. తెలుగు చదవడం రాని మనవరాలిని తాతతో కూర్చోబెట్టి రెండూ చదివించండి.

'మీ సంస్థకు ఉచిత ల్యాప్‌టాప్‌లు మంజూరయ్యాయి, 5,000 కట్టండి' అని ఫోను వచ్చింది.

కట్టొద్దు. ఓటీపీ చెప్పొద్దు. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి.

బ్యాకప్ ఎక్కడ ఉంచాలి?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, నేలమీద ఉన్న సీపీయూలు బురదలో తేలాయి. అప్పటినుంచి నేను మూడు చోట్ల ఉంచమంటున్నాను: ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, నెట్‌లో సంస్థ ఖాతాలో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఒకటి. ఆ డిస్కు ఆఫీసులో ఉండకూడదు, వేరే ఊళ్లో ఉన్న కమిటీ సభ్యుడి ఇంట్లో ఉండాలి, వీలైతే మేడమీద. నెలకోసారి తెచ్చి కొత్తవి ఎక్కించి, పాత ఫైలు ఒకటి తెరిచి చూసి, మళ్లీ పంపేయండి.